గోడ మీద వరద గీత పోవట్లేదు... మళ్లీ కప్‌బోర్డులు చేయించాలా?

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ నుంచి ఒకావిడ ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ చెప్పిందంతా ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

రెండు సెంట్ల స్థలంలో సొంత ఇల్లు. హాలు, రెండు బెడ్‌రూములు, వంటగది, బయట నుంచి డాబా మీదికి మెట్లు. పై అంతస్తు లేదు. భర్త ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాస్తారు. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడతారు, చీరలకు ఫాల్స్ వేస్తారు. 2021లో అప్పు చేసి వంటగదికీ గదులకూ కప్‌బోర్డులు, హాల్లో టీవీ యూనిట్ చేయించుకున్నారు. ఆ అప్పు తీరకముందే 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చేసింది. ఎనిమిది రోజులు నీళ్లు తీయలేదు. డెబ్బై నాలుగేళ్ల అత్తగారిని పక్కింటి డాబా మీద రెండు రాత్రులు కూర్చోబెట్టారు. తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ తేలుకుంటూ పోయి వంటింటి గుమ్మానికి అడ్డం పడి ఉంది. కప్‌బోర్డులు టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి విడిపోయాయి. ప్రభుత్వం ఇచ్చిన పాతికవేలు పొయ్యికి, మంచానికి, ఫ్రిజ్ రిపేరుకు సరిపోయాయి.

అప్పట్నుంచి ఇల్లు బోసిగానే ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఇనప మంచాలు, అటక మీద సూట్‌కేసుల్లో బట్టలు. గోడలకు రెండుసార్లు రంగు వేయించినా నీటి గీత మళ్లీ కనిపిస్తోంది. హాలు తలుపు వెనక ఆ గీత దగ్గర భర్త ఒక మేకు కొట్టారు. నేల నుంచి సరిగ్గా 4 అడుగుల 2 అంగుళాలు. ‘ఈ ఇంట్లోకి మళ్లీ చెక్క ముక్క రాదు’ అన్నది ఆయన మాట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ‘చూడటానికి వచ్చినవాళ్లను ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడతారా, లేదంటే ఇల్లు అమ్మేసి ఎక్కడైనా ఎత్తులో ఫ్లాట్ తీసుకుందాం’ అని ఆ అమ్మాయి గొడవ. కార్పెంటర్ రూ.6,40,000 కొటేషన్ ఇచ్చాడు. ‘ఇద్దరి మాటా తప్పనిపించదు. కానీ సత్రంలో బతుకుతున్నట్టు ఉంది. చేయించమంటారా, వద్దంటారా?’ అని ఆవిడ ప్రశ్న.

జవాబు:

కొటేషన్ జిరాక్సు కూడా పంపి మంచి పని చేశారు. ముందు అదే చదివాను. ఉత్తరం తర్వాత చదివాను. రెండిటికీ పొంతన లేదు. కొటేషన్‌లో టీవీ ప్యానెల్, హాల్లో ఫాల్స్ సీలింగ్, వాటి లైట్లు కలిపి లక్షా డెబ్బై వేలు ఉన్నాయి. మీ కుట్టుపని గురించి ఒక్క లైను లేదు. కస్టమర్ల పట్టుచీరలు నాలుగు బురదలో దొరికాయనీ, వాటి ఖరీదు ఏడాదిపాటు నెలనెలా కట్టి తీర్చాననీ ఆరో పేజీలో ఒకే వాక్యంలో రాసి, మళ్లీ టీవీ యూనిట్ సంగతికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గరే కళ్లు ఆగిపోయాయి.

మీరు అడిగింది చేయించాలా వద్దా అని. మీవారు ‘వద్దు’ అంటున్నది చెక్కను, అమ్మాయి ‘కావాలి’ అంటున్నది ముచ్చటైన హాలును. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కావు. చెక్క లేకుండా ఇల్లు బాగుండొచ్చు, ఆరు లక్షలు పోసినా బాగుండకపోవచ్చు. ఎలాగూ మీ ఇంట్లో ఒక కొలత ఉంది. చాలామంది ఇళ్లలో అది కూడా ఉండదు. తలుపు వెనక మేకు. దాన్ని బట్టే ఇల్లంతా ప్లాన్ చేసుకోవచ్చు.

చెక్క సంగతి ముందు తేల్చేద్దాం. 2021లో మీకు వేసింది ఎండీఎఫ్ అని మీరు వర్ణించిన తీరును బట్టి అర్థమవుతోంది. అది చెక్క పొడిని అంటించి చేసిన అట్ట, నీళ్లలో ఒక్క పూట నానినా ఉబ్బుతుంది. ఇప్పుడు కార్పెంటర్ రాసింది ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) అని అచ్చు ఉంటే అది మంచి సరుకే. ఆ ప్రమాణానికి ప్లైని 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి పరీక్షిస్తారు, పొరల మధ్య జిగురు ఊడిపోకూడదు. కానీ మీ ఇంట్లో నీళ్లు నిలిచింది ఎనిమిది రోజులు, అంటే 192 గంటలు. పైగా మురుగు కలిసిన నీళ్లు. జిగురు నిలబడినా సన్‌మైకా లేస్తుంది, స్క్రూలు తుప్పు పడతాయి, వాసన పోదు. షాపువాడు ఇచ్చే గ్యారంటీ కార్డు వంటింటి తడికే గానీ వరదకు కాదు. పీవీసీ (ప్లాస్టిక్), డబ్ల్యూపీసీ (చెక్క పొడి కలిపిన ప్లాస్టిక్) బోర్డులు ఉబ్బవు, ఆ మాట నిజం. కానీ పొడుగాటి అర మీద బరువు పెడితే మధ్యలో కుంగుతాయి, స్క్రూ పట్టు తక్కువ, పొయ్యి పక్కన వేడికి వంగుతాయి. తలుపులకు బాగుంటాయి, అరలకు అంత కావు.

కాబట్టి మేకుకు కింద చెక్క వద్దన్న మీవారి మాటే ఖాయం చేసుకోండి. మేకుకు పైన ఏమైనా చేసుకోవచ్చు.

చెప్పినంత తేలిక కాదనుకోండి. మీ ఎత్తు అయిదడుగులన్నారు. స్టూలు ఎక్కకుండా మీ చెయ్యి అందేది ఆరడుగులు, మహా అయితే ఇంకో రెండు మూడు అంగుళాలు. మేకు నాలుగడుగుల పైన. అంటే రోజూ చేతికందే, తడవని చోటు గోడ మీద మీకు దక్కేది రెండే రెండడుగుల పట్టీ. ఇంటి సామానంతా అందులో ఎలా పడుతుంది? పట్టదు. అందుకని సామాను సర్దేటప్పుడు గదుల లెక్కన కాకుండా వేరే ప్రశ్న వేసుకోండి: ఇది తడిస్తే ఏమవుతుంది?

స్టీలు గిన్నెలు, కుక్కరు, బిందెలు, దుప్పట్లు, రోజువారీ పంజాబీ డ్రెస్సులు తడిస్తే కడుక్కోవచ్చు, ఉతుక్కోవచ్చు. అవన్నీ మేకు కింద. ఇంటి దస్తావేజులు, అమ్మాయి సర్టిఫికెట్లు, మీ పట్టుచీరలు, అత్తయ్యగారి మందులు, బియ్యం, పప్పులు, కస్టమర్ల బట్టలు తడిస్తే పోయినట్టే. ఆ రెండడుగుల పట్టీ వీటికి. సంవత్సరానికి ఒకసారి తీసే బొమ్మల కొలువు సామాను, పెద్ద గంగాళం, స్వెట్టర్లు అటక మీదికి. ఒక ఆదివారం మీరూ మీవారూ కూర్చుని మూడు కుప్పలు చేసి చూడండి. మూడో కుప్ప మీరనుకున్నదానికంటే పెద్దదిగా, రెండోది చిన్నదిగా తేలుతుందని నా అనుభవం.

వంటగదికి ఈ లెక్క భలే కలిసొస్తుంది. గట్టు ఎత్తు 33 అంగుళాలు. పై కప్‌బోర్డులు మామూలుగా గట్టుకు రెండడుగుల పైన మొదలవుతాయి. అంటే నేల నుంచి 57 అంగుళాలు. మీ మేకు 50 అంగుళాల దగ్గర ఉంది. పై కప్‌బోర్డులు నిశ్చింతగా ప్లైతో చేయించుకోండి, 710 అచ్చు ఉన్నదే వేయమనండి, షీటు కోయకముందు మీరే వెళ్లి ఆ అచ్చు చూడండి. గట్టు కింద మాత్రం మన అమ్మల కాలంలోలాగా కడప బండ అరలు పెట్టించండి. బండల మధ్య ఎడం గిన్నెల ఎత్తును బట్టి పెట్టించుకోవాలి, మేస్త్రీ ఇష్టానికి వదిలేస్తే అన్నీ ఒకే ఎత్తున పెట్టేస్తాడు, కుక్కరు పట్టదు. అరలకు అల్యూమినియం ఫ్రేములో పీవీసీ తలుపులు పెడితే బయటికి మాడ్యులర్ కిచెన్‌లాగే ఉంటుంది. నీళ్లొచ్చినా పైపు పెట్టి కడుక్కుంటే సరి. డ్రాయరు లాగితే జారే సుఖం ఉండదు, వంగి తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులుంటే ఒక్కచోట మాత్రం స్టీలు బుట్ట పెట్టించుకోండి. గ్యాస్ సిలిండరును గోడకు గొలుసుతో కట్టండి. ఫ్రిజ్ తేలినట్టే ఖాళీ సిలిండరూ తేలుతుంది.

బెడ్‌రూములో కార్పెంటర్ గీసిన నేల నుంచి శ్లాబు దాకా ఉన్న వార్డ్‌రోబ్ వద్దు. నాలుగడుగుల మూడంగుళాల ఎత్తున గోడలోకి దిగేసిన కడప బండ, దానికి కింద నిలువు బండల ఆనింపు. ఆ బండ మీద చెక్క కప్‌బోర్డు కూర్చుంటుంది. గోడకు వేలాడదీస్తామంటే ముందు ఆ గోడ తొమ్మిదంగుళాలదా, నాలుగున్నరదా చూడమనండి. నాలుగున్నర గోడకు చీరల బరువు వేలాడదీయడం మంచిది కాదు. బండ కింద ఖాళీలో ఇనప ట్రంకు పెట్టెలు పెట్టుకుని ముందు మంగళగిరి చేనేత తెర కట్టండి. తెర తడిస్తే ఉతికేసుకోవచ్చు.

ఇవన్నీ చేసే ముందు గోడ ఆరిందో లేదో తేలాలి. రెండుసార్లు రంగు వేసినా గీత మళ్లీ వస్తోందంటే, లోపల తడైనా ఉండాలి, వరద నీళ్లు వదిలిన ఉప్పైనా ఉండాలి. గీత దగ్గర గోరుతో గీకి చూడండి, తెల్లటి పొడి రాలితే ఉప్పే. తడి సంగతి తెలియాలంటే అడుగు చదరపు పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు ఒకటి గోడకు నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేయండి. తీసేటప్పుడు లోపలివైపు చెమట పట్టి ఉంటే గోడ ఇంకా నీళ్లు వదులుతున్నట్టు. అప్పుడు పుట్టీ, రంగు, టైల్సు ఏది వేసినా దండగే. మా ఇంట్లో ఒక పెయింటరు ‘ఏం కాదమ్మా’ అంటూ తడి గోడకు పుట్టీ పెట్టాడు. సంక్రాంతికి వేస్తే ఉగాదికల్లా అప్పడాల్లా లేచింది. గీత కింది ప్లాస్టరింగు కొట్టించేసి, ఇటుకను ఎండాకాలం మొత్తం ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన మాలుతో మళ్లీ పూత వేయించడం ఖాయమైన దారి. బెజవాడ ఎండలు దేనికైనా పనికొస్తాయంటే దీనికే. అలా కాకుండా తడి గోడకే టైల్సు అంటిస్తే కింద దారి మూసుకుపోయి ఆ తడి పైకి పాకుతుంది. గీత అయిదడుగులకు వస్తుంది, అంతే తేడా.

హాలు దగ్గరికి వద్దాం, ఇంట్లో గొడవంతా దాని గురించేగా. ఫాల్స్ సీలింగ్ తీసేయండి. పదడుగుల హాల్లో ఆరంగుళాలు తగ్గించుకోవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. మీది శ్లాబు మీద నేరుగా ఎండ పడే ఇల్లు, ఆ డబ్బులో కొంత డాబా మీద తెల్ల కూలింగ్ పెయింటుకు పెడితే మే నెలలో తేడా మీకే తెలుస్తుంది. కిటికీ గోడ పొడవునా 18 అంగుళాల ఎత్తు, రెండడుగుల వెడల్పుతో ఇటుక అరుగు కట్టించి పైన నల్ల గ్రానైటు వేయించండి. దాని మీద పరుపులు, దిళ్లు. ఏడెనిమిది మంది కూర్చుంటారు, ఒకరు పడుకోవచ్చు. అరుగు తేలదు, ఉబ్బదు. వాన ముదిరితే పరుపులు అటకెక్కించడం పది నిమిషాల పని. టీవీ నేరుగా గోడకు. దాని పక్కన గీతకు పైన గోడలోనే రెండు గూళ్లు తీయించి ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో కొండపల్లి బొమ్మలు పెట్టుకోండి. గీతకు కింద గోడంతా ముదురు రంగు, పైన లేత రంగు వేయించండి. ఆ గీతను దాచాలనుకుంటే ప్రతి వానకూ బయటపడుతుంది. రెండు రంగులు కలిసే అంచు దాని మీదే పడితే అది డిజైన్‌లో భాగమైపోతుంది.

అమ్మాయికి ఇది నచ్చుతుందా అంటే, మొదట నచ్చకపోవచ్చు. ఆమె మనసులో ఉన్నది ఫోన్లో చూసే హాళ్లు. అరుగు ఫొటోలు, రంగులు ఆమెనే ఎంచమనండి, ఆ బాధ్యత పూర్తిగా వదిలేయండి. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు సింగ్‌నగర్ అనగానే అడిగేది ‘మీ ఇంట్లోకి ఎంత వచ్చాయండీ నీళ్లు?’ అనే. టీవీ ప్యానెల్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు.

మీవారితో ప్లై గురించి వాదించకండి. కరెంటు పని ఆయన చేతికివ్వండి. ప్లగ్గులు, స్విచ్ బోర్డులు అన్నీ అయిదడుగులకు ఎత్తించాలి, వైర్లు నేల నుంచి పైకి కాకుండా శ్లాబు నుంచి కిందికి దించాలి. తప్పక కింద ఉండాల్సిన ఒకటి రెండు ప్లగ్గులకు విడిగా ఎంసీబీ (ఆ లైను వరకే కరెంటు ఆపే స్విచ్) పెట్టిస్తే నీళ్లు గుమ్మం దాకా వచ్చినప్పుడు అవొక్కటే ఆపేసి పైన లైట్లు ఉంచుకోవచ్చు. ఇన్వర్టరు బ్యాటరీ యాభై అరవై కిలోలు ఉంటుంది, దానికీ బండ అర కావాలి. నీటి గీత దగ్గర మేకు కొట్టి కొలిచి పెట్టుకున్న మనిషి ఇవన్నీ మీకంటే, నాకంటే జాగ్రత్తగా చేయిస్తారు.

అత్తయ్యగారి కోసం ఒక ఖర్చు మాత్రం అన్నిటికంటే ముందు పెట్టండి, అది కొటేషన్‌లో లేదు. డాబా మెట్లకు రెయిలింగు లేదని రాశారు. ఆవిడను పక్కింటికి మోసుకెళ్లింది అందుకేనని కూడా రాశారు. ఇనప పైపు రెయిలింగు, మెట్ల మీద జారని టైలు, డాబా మీద ఒక మూల చిన్న రేకుల పంచ. కాలవ నిండినప్పుడల్లా గేటు దగ్గరికి వెళ్లి చూసే మనిషికి, ఎక్కడానికి ఒక దారి ఉందని తెలిస్తే చాలు. ధైర్యం చెప్తే విననివాళ్లు కూడా మెట్లు చూసి కుదుటపడతారు.

ఇక మిగతా దారులు. ఆరు లక్షల నలభై వేల పని యథాతథంగా చేయిస్తే ఇల్లు మూడు నెలల్లో ముచ్చటగా తయారవుతుంది. తర్వాత ప్రతి ఆగస్టులో మీ ముగ్గురి నిద్రా పోతుంది, ఇంకో అప్పు మొదలవుతుంది. ఏమీ చేయకుండా ఇలాగే ఉండటం తప్పేం కాదు, డబ్బు మిగులుతుంది. కానీ సత్రంలో ఉన్నట్టుందన్నది మీరే, పనిచేసేదీ ఆ ఇంట్లోనే. పైన గది వేసుకుని బతుకంతా మీదికి మార్చడం అన్నిటికంటే గట్టి దారి. దానికి పునాది, పిల్లర్లు రెండో అంతస్తును మోస్తాయో లేదో ఇంజనీరు వచ్చి చూడాలి, ప్లాన్ అనుమతి కావాలి, అత్తయ్యగారు రోజూ మెట్లెక్కాలి. అయిదేళ్లలో ఆ ఆలోచన ఉంటే కింద ఇప్పుడు అరుగూ బండలతో సరిపెట్టి, చెక్క పని పైకి దాచుకోండి. అమ్మడం గురించి నేను చెప్పేది ఒక్కటే. పెళ్లి తొందరలో ఇల్లు అమ్మకండి.

వరద మళ్లీ రాదని నేను అనలేను. కట్టకు పడ్డ గండ్లు పూడ్చారు, సరే. బుడమేరు మాట బుడమేరుది. అందుకే బీమా. భారత్ గృహ రక్ష అనే పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు బీమా చేసే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నిట్లో ఉంది. వరద నష్టం దాంట్లో కలిసే ఉంటుంది. ఇంటికి ఎంత బీమా చేయిస్తే అందులో 20 శాతం దాకా, గరిష్ఠంగా పది లక్షలు, ఇంట్లో సామానుకు దానంతటదే వర్తిస్తుంది. నీళ్లు వచ్చాక తీసుకుంటే పనికిరాదు కాబట్టి జూన్‌కు ముందే కట్టండి. బిల్లులు, గదుల ఫొటోలు ఫోన్లోనే కాకుండా అమ్మాయికి కూడా పంపి ఉంచండి. కస్టమర్ల బట్టలు మీ సొంత సామాను కాదు, అవి దాంట్లోకి రావేమో. ఆ సంగతి విడిగా అడిగి, రాతలో తీసుకోండి.

ఆ బట్టల కోసమే చెప్తున్నాను, మొత్తం ఇంట్లో మొదట చేయించాల్సిన చెక్క పని ఒక్క అలమర. మీ చెయ్యి సుఖంగా అందే చోట, గీతకు పైన, తలుపులున్నది. ఒక్కో కస్టమరుకు ఒక్కో అర, పేరు రాసిన సంచీ. మీరు కుట్టే మిషను తల బోల్టులు విప్పితే విడిగా వస్తుంది, దాన్ని పైకెత్తి పెట్టుకునేందుకు పక్కనే ఒక బండ అర. స్టాండు తడిస్తే తడవనివ్వండి, తుప్పు గీకి రంగు వేసుకోవచ్చు.

ఈ అలమర ఎక్కడ పెట్టాలో మాత్రం ఇప్పుడే చెప్పలేను. రెండో బెడ్‌రూము కొలతలు మీరు రాయలేదు, కిటికీ ఏ వైపో కూడా లేదు. కుట్టేటప్పుడు వెలుతురు ఎడమ భుజం మీదుగా రావాలి కదా. ఆ రెండూ, ప్లాస్టిక్ కవరు లోపల ఏం కనిపించిందో అదీ కలిపి ఇంకో ఉత్తరం రాయండి.